కింద ఏముంది?

దేబా లోయలో వాన కురవదు,
నానబెడుతుంది.
ఆరింటికే షెడ్డులో దీపాలు,
ఏటి అవతల ఇంకా కళ్ళు విప్పని కొండ.

నా పేరు నెకానే. ఫిక్స్చర్లు గీస్తాను.
యంత్రం కోసేటప్పుడు
ముక్క కదలకుండా పట్టుకునే చేతులకు
ఎముకలు గీయడం నా పని.

ఆ ఏడాది వచ్చింది ఒక పంపు తొడుగు.
అల్యూమినియం పోత, గోడ మందం నాలుగు మిల్లీమీటర్లు,
గట్టిగా చూస్తే సొట్టపడేలా ఉంది.
కోతలో అది ఎగిరిపోతుందేమోనని నా భయం.
భయపడ్డవాళ్ళందరిలాగే
కేటలాగులో లావుపాటివి ఏరుకున్నాను:
నాలుగు స్వింగ్ క్లాంపులు, పొడుగాటి చేతులు,
రెండొందల యాభై బార్ల నూనె.
ఉడుంపట్టు.

యంత్రం మీద బోరు తక్కెడ పళ్ళెమంత గుండ్రం.
విప్పి బల్ల మీద పెడితే
కోడిగుడ్డు.
పదకొండు ముక్కలు. పదకొండూ గుడ్లే.
పన్నెండోదానికి ఒక క్లాంపు చెయ్యి
విసురుగా తిరిగి, లోపలి గాడి చిట్లి,
దారి మరిచిన మనిషిలా అడ్డంగా నిలబడిపోయింది.

అప్పుడొచ్చాడు బిట్టోర్,
ముక్కుమీద కళ్ళజోడు, ఎడమచేతికి నాలుగున్నర వేళ్ళు.
భార్య పాత ఫ్లానెల్ గౌను గుడ్డలోంచి
డయల్ గేజి తీశాడు, పసిబిడ్డను తీసినట్టు.
ముల్లును గోడకు ఆనించి
"నూనె వదులు" అన్నాడు.

వదిలాను.
ముల్లు కదిలింది. ముప్పై నాలుగు మైక్రాన్లు.
అది ఊపిరి.
అంతసేపూ బిగబట్టుకుని ఉందన్నమాట.

తర్వాత ఒక్కో క్లాంపు దగ్గరా ఆగి
ఒకటే అడిగాడు: "దీని కింద ఏముంది?"
మొదటిదాని కింద బోలు.
రెండోదాని కింద బోలు.
మూడోదాని కింద దిమ్మె ఉంది గానీ, రెండు వేళ్ళు పక్కకి.
నాలుగోది నేనే అడగనివ్వలేదు.

నా భుజం మీద చెయ్యి వేసి చూపించాడు:
పక్కనుంచి వచ్చింది, గాలిలోనే తిరగడం ముగించింది,
అప్పుడు నిట్టనిలువుగా దిగింది.
"తిరుగుతూ తాకిందా, రాడ్డు వంగుతుంది.
చెయ్యి పొడుగైన కొద్దీ
నూనెను నెమ్మదిగా పంపాలి."
కోత తోపు ఆపుదల దిమ్మెల మీదికి పోవాలట,
క్లాంపు మీదికి కాదు.
రజను ఇరుక్కుంటే స్ప్రింగు ఓడిపోతుందట,
వెనక్కి కూడా నూనెతోనే నెట్టమన్నాడు.

మధ్యాహ్నం ఉప్పుచేప కూర, పులిసిన ఆపిల్ రసం.
వేలి సంగతి అడిగాను, అడగకూడదని తెలిసీ.
రొట్టె తుంచుతూనే చెప్పాడు:
"ముక్క సరిగ్గా కూర్చుందో లేదో అని తడుముతున్నాను.
అవతలివాడు మీట నొక్కాడు.
చెయ్యి తిరిగింది, దిగింది.
దాని తప్పేం లేదు.
కింద ఏముందో అది అడగదు."

ఇంకో రొట్టెముక్క కోసం చెయ్యి చాచాడు, ఆ చెయ్యే.

చిన్న క్లాంపులు తెచ్చాం. పొట్టి చేతులు, తొంభై బార్లు.
ప్రతి చెయ్యి కిందా సూటిగా ఒక దిమ్మె,
ఒకటి మాత్రం ఎడమకు తిరిగేది,
కుడివైపునుంచి కత్తి వస్తుంది కనుక.
గొట్టంలో ఒక చిన్న కవాటం,
ఏరు మెట్లు దిగినట్టు నూనె దిగడానికి.

నూనె వదిలాను. ముల్లు నాలుగు గీతలు కదిలి ఆగింది.
బిట్టోర్ మెచ్చుకోలేదు.
గేజిని గౌనుగుడ్డలో చుట్టుకుంటూ
"మీట దగ్గర బోర్డు పెట్టించు, పెద్దక్షరాలతో" అన్నాడు.

ముక్క ఇంకా వెచ్చగా ఉంది, కోతనీళ్ళ వాసనతో.
కంటికి ఎత్తి బోరులోంచి చూశాను:
తడిసిన కొండ, ఒక గొర్రె,
ఎటుచూసినా ఒకే దూరంలో అంచు.
ఇంకా ఐదొందల తొంభై తొమ్మిది ఉన్నాయి,
కిందకు దింపు, అన్నారెవరో.